2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ పట్టేసింది, షాఫ్ట్ చేత్తో తిరగడం లేదు: విప్పే ముందు ఏం చూడాలి?

ఎండీఎఫ్_రౌటింగ్:

నమస్కారం. 6040 టేబుల్ చిన్న సీఎన్‌సీ మిల్లు. స్పిండిల్ (టూల్‌ను తిప్పే మోటరు) 80 ఎంఎం బాడీ, ఈఆర్20 కోలెట్ (టూల్‌ను పట్టుకునే బిగింపు), 400 హెర్ట్జ్ దగ్గర 24,000 ఆర్‌పీఎం. పని ఎక్కువగా ఎండీఎఫ్ (చెక్క పొడిని నొక్కి చేసే పలక), అప్పుడప్పుడు అల్యూమినియం. వర్షాలకు మూడు వారాలు మిషన్ ఆగి ఉంది. నిన్న ఆన్ చేస్తే స్పిండిల్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది, వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే డ్రైవ్) మీద ఓవర్ కరెంట్ ట్రిప్. మూడుసార్లు రీసెట్ చేసినా అదే. షాఫ్ట్ చేత్తో కదలడం లేదు. కోలెట్ నట్ వెనక సన్నగా తుప్పు రంగు గీత కనిపిస్తోంది. మిషన్ ఆపడానికి ముందు వారం రోజులుగా 18,000 దాటితే కూత వినిపించేది.

డబ్ల్యూడీ-40 కొట్టి స్పానర్‌తో తిప్పి చూడొచ్చా? బేరింగులు నేనే మార్చుకోగలనా, లేక స్పిండిలే కొత్తది కొనాలా?

స్పిండిల్_బెంచ్:

ముందు రీసెట్ కొట్టడం ఆపేయండి. షాఫ్ట్ కదలకుండా ఉన్నప్పుడు కరెంటంతా వైండింగ్‌లో వేడిగా మారుతుంది. ఇప్పుడు పోయింది బేరింగులే అయితే రేపటికి వైండింగ్ కూడా పోతుంది. డబ్ల్యూడీ-40 అసలు వద్దు. అది మిగిలిన గ్రీజును కడిగేసి, తుప్పు పొడిని రేసులోకి (బాల్స్ దొర్లే గాడి) ఇంకా లోపలికి తీసుకెళ్తుంది. షాఫ్ట్ వదులైందని సంబరపడి 24,000లో తిప్పితే కొన్ని గంటల్లో కేజ్ (బాల్స్‌ను ఎడంగా పట్టుకునే చట్రం) ముక్కలై షాఫ్ట్ సీటు కూడా గీరుకుపోతుంది. అప్పుడు బేరింగులు మార్చినా లాభం ఉండదు.

మెయిన్ ఆఫ్ చేసి, వీఎఫ్‌డీ డిస్‌ప్లే ఆరిపోయాక కూడా పది నిమిషాలు ఆగండి, కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. తర్వాత స్పిండిల్ ప్లగ్ విప్పి, టూల్, కోలెట్, నట్ మూడూ తీసేయండి. నట్‌కూ మూతికీ (టూల్ ఉండే ముందు చివర) మధ్య అల్యూమినియం చిప్ ఇరుక్కుని షాఫ్ట్ పట్టేసిన సందర్భాలున్నాయి. అదే అయితే మీ అదృష్టం.

అప్పుడు షాఫ్ట్ ఫ్లాట్ మీద స్పానర్ పెట్టి చేతి బలంతో మాత్రమే, రెండు దిక్కులా నెమ్మదిగా తోయండి. పైపు తొడగొద్దు. అస్సలు కదలకపోతే తుప్పు, లేదా వేడికి రేసు అంటుకుపోయింది. ఇసుక నలిగినట్టు గరగరమంటూ కదిలితే గ్రీజులో ధూళి. కొంత తిరిగి ప్రతిసారీ ఒకే చోట ఆగితే కేజ్ విరిగింది, లేదా ఒక బాల్ కింద గట్టిపడ్డ ముద్ద ఉంది. చల్లగా ఉన్నప్పుడు తిరిగి వేడెక్కాక పట్టేస్తే అది ప్రీలోడ్ (బేరింగుల మీద ముందే ఉంచే ఒత్తిడి) సమస్య, దాని కథ వేరు.

మీది ఇండక్షన్ మోటరు కాబట్టి వైర్లు షార్టైనా చేతికి షాఫ్ట్ బిగుతుగా తగలదు. ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరిదైనా సర్వో లేదా బీఎల్‌డీసీ స్పిండిల్ (రెండూ మాగ్నెట్ మోటర్లే) అయితే, మోటరు వైర్లు విడదీసి, బెల్టు ఉంటే అదీ తీసి చూడాలి. మాగ్నెట్ మోటరులో మూడు వైర్లు ఒకదానికొకటి తగిలినా షాఫ్ట్ బురదలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది, దాన్ని చాలామంది బేరింగ్ అనుకుంటారు.

రీవైండింగ్_బల్ల:

విప్పే ముందు కరెంటు వైపు కూడా చూసేయండి, అయిదు నిమిషాల పని. ప్లగ్ దగ్గర 1-2, 2-3, 3-1 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. విలువ ఎంతైనా మూడూ సమానంగా ఉండాలి. ఒకటి తేడాగా ఉందంటే వైండింగ్ కాలింది, అప్పుడు బేరింగులకు ఖర్చు పెట్టకండి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఒక ఫేజ్‌కూ బాడీకీ మధ్య చూడండి. వీఎఫ్‌డీ మాత్రం కలిపి ఉండకూడదు, మెగ్గర్ వోల్టేజికి దాని అవుట్‌పుట్ పోతుంది. ఒక మెగోమ్ కంటే తక్కువొస్తే లోపల నీరు చేరింది. బేరింగులు తీశాక స్టేటర్‌ను 80 డిగ్రీల ఓవెన్‌లో ఒక రాత్రంతా ఆరబెట్టి మళ్ళీ కొలవాలి.

ఇంకోటి. 4వ పిన్నుకూ బాడీకీ మధ్య కంటిన్యుయిటీ (కరెంటుకు తెగని దారి) ఉందా చూడండి. ఈ రకం స్పిండిళ్ళలో చాలావాటికి లోపల ఎర్త్ వైరే కలిపి ఉండదు. చుట్టూ నీళ్ళు తిరిగే మోటరు అది. లేకపోతే విప్పినప్పుడే బాడీకి స్క్రూ పెట్టి కలిపేయండి.

వీఎఫ్‌డీ హువాన్‌యాంగ్ రకమైతే పీడీ004, పీడీ005 సెట్టింగులు రెండూ 400 ఉన్నాయా చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే బేస్ ఫ్రీక్వెన్సీ పీడీ004 వెనక్కి 50కి పోతుంది. 50 హెర్ట్జ్‌కే పూర్తి 220 వోల్టులు వెళ్తే ఈ మోటరు తట్టుకోదు, ట్రిప్ కావడమో కాలిపోవడమో జరుగుతుంది.

ఎండీఎఫ్_రౌటింగ్:

చూశాను. మూడు జతలూ సమానం, మెగ్గర్ 40 మెగోమ్‌లు. 4వ పిన్ను బాడీకి కలిపి లేదు, మీరు చెప్పింది నిజం. పీడీ004, 005 రెండూ 400. స్పానర్‌తో తోస్తే పావు చుట్టు గరగరమని కదిలి అక్కడే ఆగుతోంది.

స్పిండిల్_బెంచ్:

అయితే బేరింగులే. ఈ సైజులో సాధారణంగా ముందు రెండు 7005సి, వెనక రెండు 7002సి ఉంటాయి, కొన్నిటిలో వెనకవి వేరు. కొనే ముందు రింగు మీది నంబరు చదివి, కొలిచి చూసుకోండి: 7005 అంటే లోపల 25, బయట 47, మందం 12 ఎంఎం. 7002 అంటే 15, 32, 9. చివరి 'సి' అంటే కాంటాక్ట్ యాంగిల్ 15 డిగ్రీలు. గ్రేడు (ఖచ్చితత్వపు తరగతి) పీ4. మామూలు 6005 బాల్ బేరింగు కూడా ఇవే కొలతల్లో సరిగ్గా కూర్చుంటుంది, షాపులో అదే చేతిలో పెడతారు, తీసుకోకండి.

విప్పేటప్పుడు నీళ్ళ గొట్టాలు తీసి, జాకెట్లో నీరంతా గాలితో ఊదేయండి. మూతి వైపు నట్ కొన్ని మోడళ్ళలో లెఫ్ట్ త్రెడ్ (మామూలు నట్‌కు ఎదురు దిక్కులో విప్పేది), ఏ దిక్కో తేల్చుకున్నాకే బలం పెట్టండి. మొరాయిస్తే లాక్‌టైట్ (త్రెడ్‌ను పట్టి ఉంచే జిగురు) వేసి ఉంటుంది, హీట్ గన్‌తో వేడి చేస్తే వదులుతుంది. చాలా మోడళ్ళలో వెనక మూత, వెనక లాక్‌నట్ తీశాక షాఫ్ట్, రోటర్, ముందు బేరింగులు కలిసి ముందుకు బయటికొస్తాయి. షాఫ్ట్ వెనక చివర అల్యూమినియం ముక్క అడ్డం పెట్టి హైలమ్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పలక) సుత్తితో తట్టండి. రోటర్ వైండింగ్‌కు రాసుకోకుండా నిటారుగా లాగాలి.

ఏ బేరింగూ ఊడదీయకముందే మార్కర్‌తో ప్రతి ఔటర్ రింగు మీదా నంబరు, బాణం గుర్తు వేసి ఫోటో తీయండి. యాంగులర్ కాంటాక్ట్ బేరింగు తోపును ఒక్క దిక్కులోనే మోస్తుంది. ఔటర్ రింగును అంచు వైపు చూస్తే ఒక పక్క గోడ మందం, ఇంకో పక్క పల్చన. ఆ మందం పక్క ఏ దిక్కుకుందో అదే మీరు రాసుకోవాల్సింది. ఒక్క బేరింగు తిరగబడినా బాల్స్ మీద లోడే ఉండదు, కూత పెడుతూ నెలలోపే పోతుంది. మధ్యలో స్పేసర్ రింగులుంటే అవి కూడా జతలే. లోపలి స్పేసర్, బయటి స్పేసర్ మందాల్లో కొన్ని మైక్రాన్ల తేడా వచ్చినా ప్రీలోడ్ మారిపోతుంది. వాటిని ఎమరీతో రుద్దకండి.

ప్రెసిషన్_గ్రైండర్:

పై వివరానికి ఒకటి కలపాలి. నా లెక్కలో చాలామంది వదిలేసేది ఇదే. వెనక బేరింగు కూర్చున్న స్లీవ్ స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ జరగాలి. బయట బాడీని నీళ్ళు చల్లబరుస్తాయి, లోపల షాఫ్ట్, రోటర్ వేడెక్కి పొడవు పెరుగుతాయి. ఆ పెరుగుదలకు చోటిచ్చేది ఆ స్లీవే. అది తుప్పుపట్టి హౌసింగ్‌లో అతుక్కుంటే, పెరిగిన పొడవంతా ముందు బేరింగుల మీద ఒత్తిడవుతుంది. ఒత్తిడికి వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి. కొత్త బేరింగులు వేసిన నెలకే మళ్ళీ పట్టేసిందని బాధపడేవాళ్ళలో చాలామంది స్పిండిళ్ళలో ఇదే కారణం. స్లీవ్‌ను బొటనవేలితో తోస్తే మెత్తగా జరిగి, వదిలితే స్ప్రింగు వెనక్కి తేవాలి. లేకపోతే 1200 నంబరు ఎమరీతో, నూనెతో తుప్పు మాత్రమే తీయండి, సైజు తగ్గించకండి.

షాఫ్ట్ సీటును మైక్రోమీటర్‌తో మూడు చోట్ల, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవండి. నీలి రంగు పట్టీ లేదా గీరుకుపోయిన చార కనిపిస్తే ఇన్నర్ రింగు షాఫ్ట్ మీద తిరిగిందని అర్థం. 25.000 కంటే అయిదు మైక్రాన్ల పైన తగ్గితే లాక్‌టైట్‌తో సర్దే ఆలోచన వద్దు. క్రోమ్ వేయించి గ్రైండ్ చేయించాలి, అంత ఖర్చయితే ఈ తరగతి స్పిండిల్‌ను మార్చడమే మేలు. సీటు బాగుంటే మాత్రం బేరింగులు వేసుకోవడమే సరైన పని.

ఎండీఎఫ్_రౌటింగ్:

విప్పాను. మూతికి దగ్గర్లో ఉన్న 7005లో గ్రీజు ఎండి, కాఫీ పొడి ముద్దలా ఉంది. కడిగి చూస్తే ఔటర్ రేసు మీద వరసగా తుప్పు చుక్కలు, ఒక్కో చుక్క బాల్ ఆనినంత వెడల్పు. బాల్‌కూ బాల్‌కూ మధ్య ఎంత ఎడముందో చుక్కల మధ్యా అంతే. కేజ్ ఒకచోట చీలింది. రెండో 7005 కాస్త నయం. వెనక 7002లు గరగరమంటున్నాయి. వెనక స్లీవ్ అతుక్కుపోయి ఉంది. షాఫ్ట్ సీటు 25.002, ఎక్కడా గీత లేదు.

స్పిండిల్_బెంచ్:

ఆ చుక్కల వరసే మీకు కారణం చెబుతోంది. తిరుగుతుండగా పోయిన బేరింగుకు రేసు చుట్టూ పట్టీలా అరుగుదల ఉంటుంది. బాల్ ఎడంలో చుక్కలుంటే అది ఆగి ఉన్నప్పుడు వచ్చిన తుప్పు. ఈ స్పిండిల్ మూతికి ఆనుకుని ఉండే సీల్ లేదు, సన్నటి సందు మాత్రమే ఉంది. ఎయిర్ గన్‌తో టేబుల్ శుభ్రం చేసేటప్పుడు మూతి మీదికి గాలి కొడితే ఎండీఎఫ్ పొడి ఆ సందులోంచి గ్రీజులోకి వెళ్తుంది. చెక్క పొడి తేమను పీల్చుకుంటుంది. మూడు వారాల వాన గాలి, కదలని బాల్స్, ఆ తేమ ముద్ద. ముందు వినిపించిన కూత గ్రీజు ఎండిపోతున్న చప్పుడు.

నాలుగూ మార్చండి, బాగున్నట్టు కనిపించిన రెండోదీ వదిలేయొద్దు. ముందువి ఒకే పెట్టెలో వచ్చే మ్యాచ్డ్ జతగా అడగండి. హైదరాబాద్ వైపు వాళ్ళయితే రాణిగంజ్‌లో బేరింగుల షాపులు చాలా ఉన్నాయి, కానీ పీ4కు కంపెనీ అధీకృత డీలర్ బిల్లు ఉంటేనే తీసుకోండి. నకిలీ పెట్టెలు అచ్చం అసలువాటిలాగే ఉంటాయి.

గ్రీజు: లెక్క చూడండి. 7005 సగటు వ్యాసం 36, దాన్ని 24,000తో హెచ్చిస్తే 8,64,000, గ్రీజు తట్టుకోవాల్సిన వేగానికి ఇదే కొలత. బండి వీల్ బేరింగులకు వేసే లిథియం గ్రీజు ఈ వేగంలో మరిగి చిమ్మేస్తుంది. క్లూబర్ ఐసోఫ్లెక్స్ ఎన్‌బీయూ 15 లాంటి స్పిండిల్ గ్రీజు వాడండి. సూది తీసిన ఇంజెక్షన్ సిరంజితో 7005కి అర సీసీ దాటకుండా, 7002కి పావు సీసీ లోపే, బాల్స్ మధ్యలో చుక్కలు చుక్కలుగా పెట్టి చేత్తో తిప్పండి. నిండా కూరడమే అందరూ చేసే తప్పు. ఎక్కువైన గ్రీజును బాల్స్ చిలుకుతూనే ఉంటాయి, మూతి కాలిపోతుంది.

బిగించేటప్పుడు బేరింగును గ్రీజు పెట్టకముందే 80 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచితే షాఫ్ట్ మీదికి దానంతటదే జారుతుంది. మంట చూపించొద్దు. తోయాల్సి వస్తే ఇన్నర్ రింగునే తోయాలి, ఔటర్ రింగు మీద తడితే ఆ దెబ్బ బాల్స్ గుండా వెళ్ళి కొత్త రేసు మీదే గుంటలు వేస్తుంది.

ప్రెసిషన్_గ్రైండర్:

షాఫ్ట్ బయటే ఉండగా నీళ్ళ జాకెట్ కూడా పరీక్షించండి. ఒక నిపుల్ మూసి రెండోదానికి గేజ్ ఉన్న సైకిల్ పంపుతో 1 బార్ పెట్టి పావుగంట చూడండి. ముల్లు దిగితే ఓ-రింగులు మార్చాలి.

చిల్లర్ (నీళ్ళను చల్లబరిచే యంత్రం) వాడేవాళ్ళకు ఒక మాట. గది 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు 28 డిగ్రీల దగ్గరే గాలిలో తేమ నీటి బొట్లుగా మారుతుంది. కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో నీళ్ళు 20కి పెడితే స్పిండిల్ లోపల చెమట పడుతుంది. గది కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ చాలు, స్పిండిల్ ఆపగానే నీళ్ళూ ఆపేయాలి.

ఎండీఎఫ్_రౌటింగ్:

జాకెట్ లీకు లేదు. స్లీవ్ ఇప్పుడు స్ప్రింగు మీద జరుగుతోంది. ఎర్త్ కలిపాను. బేరింగులు కూర్చోబెట్టాను, షాఫ్ట్ వేలితో మెత్తగా తిరుగుతోంది. నేరుగా 24,000 పెట్టొచ్చా?

స్పిండిల్_బెంచ్:

వద్దు. గ్రీజు సర్దుకోవాలి. టూల్, కోలెట్ లేకుండా, నీళ్ళు పారుతూ, 100 హెర్ట్జ్ అంటే 6,000లో 20 నిమిషాలు. ఆపి చల్లారనివ్వండి. తర్వాత 9,000, 12,000, అలా మూడేసి వేలు పెంచుతూ ఒక్కో మెట్టుకూ 20 నిమిషాలు. మూతి దగ్గర వేడి ముందు పెరిగి, గ్రీజు పక్కలకు తప్పుకున్నాక తగ్గడం మొదలవుతుంది. తగ్గాకే పై మెట్టు. 55 డిగ్రీలు దాటి ఇంకా ఎక్కుతుంటే ఆపి వెనక్కి వెళ్ళండి.

రన్‌ఇన్ (ఈ మెట్ల వారీ తిప్పుడు) అయ్యాక డయల్ గేజ్‌ను ఈఆర్ టేపర్ లోపలి గోడకు ఆనించి చేత్తో తిప్పండి. అయిదు మైక్రాన్ల లోపు రావాలి. టేపర్ సరిగా ఉండి టూల్ దగ్గర మాత్రమే ఊగితే తప్పు కోలెట్‌దీ నట్‌దీ, బేరింగుల జోలికి వెళ్ళకండి.

ఎండీఎఫ్_రౌటింగ్:

రన్‌ఇన్ పూర్తయింది. 24,000లో మూతి 43 డిగ్రీల దగ్గర నిలబడింది, కూత లేదు. టేపర్ రనౌట్ (ఊగుడు) 4 మైక్రాన్లు. చివరి సందేహం, ఎండీఎఫ్ పొడికి ఈసారే సీల్డ్ బేరింగులు వేసి ఉండాల్సిందా?

స్పిండిల్_బెంచ్:

రేసును తాకని సీల్ ఉన్న పీ4 7005 దొరికితే వచ్చేసారి వేయండి. రబ్బరు ఆనే సీల్ ఈ వేగంలో కాలిపోతుంది. ఇప్పటికి మూతి మీద ఎయిర్ గన్ మానేసి వాక్యూమ్ వాడండి. మిషన్ ఆపి ఉంచే రోజుల్లో వారానికి రెండుసార్లు 6,000లో పది నిమిషాలు తిప్పండి.