ఆపిన ట్రాక్టర్‌ని గుద్దితే తప్పు ఎవరిది ఎంతెంత?

కొబ్బరాకు:
దాళ్వా కోతలప్పుడు మా బావ రాత్రిపూట అంబాజీపేట నుంచి వస్తూ, కాలవగట్టు మలుపులో ఆపిన ధాన్యం ట్రాలీని వెనకనుంచి గుద్దేశాడు. మోకాలిచిప్ప పగిలింది. ట్రాలీకి లైటు లేదు, రిఫ్లెక్టర్ మీదికి వరిగడ్డి వేలాడుతోంది. బండి మీద ముగ్గురున్నారని, సగం తప్పు మాదేనని ఇన్సూరెన్స్ లాయరు పేచీ. మా తమ్ముడేమో అమెరికాలో అయితే జ్యూరీ, అంటే కోర్టులో కూర్చోబెట్టిన మామూలు జనమే తేలుస్తారంటాడు. మనకి ఎవరండీ తేల్చేది?

డల్లాస్ బుల్లోడు:
ఆ తమ్ముణ్ణి నేనే. ఇక్కడ టెక్సస్‌లో జ్యూరీ ఒక్కొక్కరికి ఇంత శాతమని వేస్తుంది, మొత్తం 100 అవ్వాలి. మన వాటా 50 దాటితే పైసా రాదు. కాలిఫోర్నియాలో 90 శాతం తప్పు మనదైనా మిగతా 10 వస్తుంది. అలబామాలో మన తప్పు కాస్త ఉన్నా మొత్తం పోయినట్టే. ఇదేం న్యాయమో!

పాత గుమాస్తా:
మనకి జ్యూరీ లేదు బాబూ, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ జడ్జిగారే ఎవరి తప్పు ఎంత శాతమో వేస్తారు, పరిహారంలో అంత కోస్తారు. ముగ్గురెక్కడం ట్రాఫిక్ తప్పే. కానీ ప్రమాదానికో, దెబ్బ తీవ్రతకో అదే కారణమని చూపకుండా కోత వెయ్యకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీవాడి స్పీడూ హెడ్‌లైటూ మాత్రం తప్పకుండా అడుగుతారు. ఫొటోలున్నాయా?

కొబ్బరాకు:
ఉన్నాయండి, ఆ గడ్డితో సహా. హెడ్‌లైటు సంగతే బావ సరిగ్గా చెప్పట్లేదు, ఆయ్.