తన చుట్టూ తాను తిరిగే మిసైల్‌ను తీగతో ఎలా నడిపారు? తెలిసినవాళ్లు చెప్పండి

వాషింగ్టన్ డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఉడ్వర్-హేజీ మ్యూజియంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ మిసైళ్లు చూసినప్పటి నుంచి ఒక డౌట్ నన్ను వదలడం లేదు. రైన్‌టోఖ్టర్ లాంటి పెద్దవి కూడా అక్కడున్నాయి, చెక్క రెక్కలతో చాలా బాగుంది అది, కానీ నా ప్రశ్న ఎక్స్-4 గురించి. విమానం నుంచి ఇంకో విమానం మీదికి వదిలే మిసైల్ ఇది, పొడవు సుమారు 2 మీటర్లే. నాలుగు రెక్కల్లో ఎదురెదురుగా ఉన్న రెండిటి చివర్లలో కోలగా ఉబ్బెత్తు డబ్బాలుంటాయి, వాటిలో సన్నటి తీగ చుట్టిన కండెలు. మిసైల్ దూసుకుపోతుంటే తీగ విడుతూ పోతుంది, పైలట్ చిన్న జాయ్‌స్టిక్‌తో ఆ తీగ ద్వారానే సిగ్నల్ పంపుతాడు. ఇంతవరకు అర్థమైంది.

అయితే అది నిలకడ కోసం సెకనుకు సుమారు ఒక చుట్టు చొప్పున తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్తుంది కదా. పైలట్ "పైకి" అన్నప్పుడు ఆ క్షణంలో ఏ ఫిన్ (దిశ మార్చే చిన్న రెక్క) కదలాలో ఎలా తేలుతుంది? లోపల జైరోస్కోప్ (వేగంగా తిరుగుతూ తన దిశ మారకుండా నిలబడే చక్రం) ఉందని చదివాను, కానీ ట్రాన్సిస్టర్ కూడా పుట్టని 1944లో అది సిగ్నల్‌ను సరైన ఫిన్‌కు ఎలా మళ్లించేదో బుర్రకెక్కడం లేదు. రెండు తీగలూ ఒకదానికొకటి మెలిపడి తెగిపోవా?

ఇంకోటి, ఫైటర్‌లో ఒక్కడే కూర్చునే పైలట్ విమానం నడుపుతూ దీన్నీ నడపడం అసలు సాధ్యమేనా? ఎక్స్-4 యుద్ధంలోకి దిగనేలేదు, దీని ఇంజిన్లు తయారయ్యే బీఎమ్‌డబ్ల్యూ ఫ్యాక్టరీ బాంబు దాడిలో పోయింది, అందుకే టెస్టుల వివరాలు కావాలి. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లు, హైదరాబాద్‌లోని మిసైల్ ల్యాబ్ డీఆర్‌డీఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దలు ఎవరైనా ఉంటే కాస్త బొమ్మ గీసి వివరించండి ప్లీజ్.