ఉచితం అంటే తగినదా, ఊరికే వచ్చేదా?

నిన్న ఒకరు అడిగారు: "అనుచితం అంటే తగనిది కదా, మరి ఉచితం అంటే డబ్బు కట్టక్కర్లేనిది ఎలా అయింది? డబ్బు పెట్టి కొన్నదాన్ని అనుచితం అనాలా?" నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే.

సంస్కృతంలో ఉచితం అంటే తగినది. హిందీ ఇప్పటికీ ఆ అర్థం దగ్గరే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో లక్నోలో ఒక కొట్టు మీద 'ఉచిత్ దర్ కీ దుకాన్' అని చదివి, బియ్యం ఊరికే ఇస్తున్నారు కాబోలు అనుకున్నాను. వరసలో వాళ్లు చిల్లర లెక్కపెట్టుకుంటుంటే అర్థమైంది, అది మన చౌకధరల దుకాణమే అని! కన్నడంలో మాత్రం ఉచితం మనకులాగే. మలయాళీలు ఊరికే ఇచ్చేదాన్ని 'సౌజన్యం' అంటారు. మనం ఆ మాటను ఫొటో కింద వేసుకుంటాం.

ఈ మార్పు ఎలా వచ్చిందో నా ఊహ చెబుతాను. ఇంటికొచ్చిన పండితుడికో, వియ్యంకుడికో 'యథోచితంగా' సత్కారం చేసేవారు. ఇచ్చేవాడి లెక్కలో అది తగినది, పుచ్చుకునేవాడి లెక్కలో డబ్బు కట్టనిది. మనకు రెండోదే మిగిలింది. సముచితం, సమయోచితం, ఔచిత్యం మాత్రం పాత అర్థాన్ని వదల్లేదు. 'ఉచిత సలహా' ఒకప్పుడైతే మెచ్చుకోలు అయ్యుండేది, ఇప్పుడు వెక్కిరింత.

అయినా ఇది బోర్డుల మీది మాట, నోటి మాట కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. కాగితాల మీద అది 'ఉచిత ప్రయాణం', కండక్టర్ చింపి ఇచ్చేది 'జీరో టికెట్', ఎక్కే ఆడవాళ్లకు 'ఫ్రీ బస్సు'.

మా అమ్మమ్మ మాట 'పుణ్యానికి'. కూరలమ్మి బేరానికి దిగకపోతే "పుణ్యానికి అడుగుతున్నానా?" అనేది. అంటే ఇచ్చినవాడికి పుణ్యం వస్తుంది, లెక్క పైలోకంలో తేలుతుంది. 'పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడాడట' అని సామెత. పుట్టి అంటే 20 తూములు, తూముకు నాలుగు కుంచాలు. ఎనభై కుంచాల ధాన్యం ఊరికే కొలిచి పోస్తుంటే, నీ కుంచం చిన్నదని తగువు! అదే మాటకు ముందు 'ఉత్త' చేరితే కారణం లేకుండా అనే అర్థమూ వస్తుంది: ఉత్తపుణ్యానికి తిట్టాడు. ఊరికే కూడా అంతే. ఊరికే ఇచ్చాడు, ఊరికే అరిచాడు.

'తేరగా', 'అప్పనంగా' వేరే జాతి. వాటిలో కడుపుమంట ఉంది. ఊరికే ఇస్తాం గానీ తేరగా ఇవ్వం. తేరగా తినేది ఎప్పుడూ ఎదుటివాడే. హైదరాబాదులో 'ముఫత్', 'ఫుకట్' అంటారు, రాయలసీమ వాళ్లు 'పుక్కటికి' అంటారు. ఉత్తరాంధ్ర మాట ఎవరైనా చెప్పండి.

ఇక ఎన్నికలొస్తే పేపర్లలో 'ఉచితాలు' అని బహువచనం దిగుతుంది. ఉచితాలు అనుచితం అని నిక్షేపంగా రాసేయొచ్చు. సంస్కృతం మాత్రమే వచ్చినవాడికి ఈ వాక్యం ఎలా విప్పి చెప్పాలో నాకింకా తోచలేదు.