పుస్తకాలు చదివి, ఆరు నెలల డిప్లొమా చేసి కాలేజీ కౌన్సెలర్ అయిపోవచ్చా?

చాక్‌పీస్ పొడి

మాది గుంటూరు వైపు ఒక ఇంటర్ కాలేజీ. ఫిజిక్స్ చెబుతాను. ఇష్టం కొద్దీ దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేశాను. ఇంట్లో ఒక అల్మరా నిండా ఆ పుస్తకాలే: అబ్నార్మల్ సైకాలజీ టెక్స్ట్‌బుక్కులు, అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ బృందం 1979లో తెచ్చిన డిప్రెషన్ థెరపీ మాన్యువల్, తెలుగులో దొరికినవి కొన్ని.

మొన్న ప్రిన్సిపాల్ పిలిచి, "కౌన్సెలర్ అన్నచోట మీ పేరు రాసేశాం సార్. ఆన్‌లైన్‌లో ఆరు నెలల డిప్లొమా కూడా చేసేయండి, ఫీజు మేనేజ్‌మెంటే కడుతుంది" అన్నారు.

తెలియనివాళ్లకు: విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. వాళ్లకు పిల్లల, టీనేజీవాళ్ల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలి. మా ప్రిన్సిపాల్ హడావుడి అందుకే.

నా దగ్గరున్నవి పుస్తకాలు, రాబోయే డిప్లొమా, పిల్లలతో చాలా ఏళ్ల పరిచయం. ఇవి చాలా? చాలకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండటమే మేలా? పుస్తకం చదివి ఈత నేర్చుకుంటారా అని మాత్రం అనకండి, స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికే నలుగురు అనేశారు.

వార్డు కిటికీ

చాలవు సార్. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు.

నేను క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేశాను. ఆర్‌సీఐ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న చోట రెండేళ్లు, రోజూ ఆసుపత్రిలోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో చెప్పినచోట, ఒకరి పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ పొంది ఉండాలని ప్రత్యేకంగా రాశారు. థియరీ మాకూ పుస్తకాల్లోంచే వచ్చింది. మీ అల్మరాలో ఉన్నవే మేమూ చదివాం.

తేడా ఎక్కడ వచ్చిందో చెబుతాను. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రాసిన కేస్ నోట్స్ ఒకరోజు సూపర్‌వైజర్ చదువుతున్నారు. పేషెంటు భర్త గురించి చెబుతూ ఏడ్చింది, వెంటనే తర్వాతి లైన్లో "నిద్ర: 4 గంటలు, ఆకలి: తక్కువ" అని ఉంది. సూపర్‌వైజర్ పెన్ను అక్కడ ఆపి, "ఆవిడ ఏడుస్తుంటే నువ్వు నిద్ర గురించి ఎందుకు అడిగావు?" అన్నారు. ఆ అమ్మాయికి అప్పటిదాకా తాను టాపిక్ మార్చానన్న సంగతే తెలియదు. పుస్తకం మనల్ని ఈ ప్రశ్న ఎలా అడుగుతుంది? అది మన గదిలోకి తొంగి చూడలేదు కదా.

ఇక చట్టం సంగతి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్లో, అంటే దాని కిందికొచ్చే వృత్తుల జాబితాలో, కౌన్సెలర్లూ ఉన్నారు, కానీ అమలు నత్తనడక. ఈలోగా వారాంతపు సర్టిఫికెట్లు అమ్ముకునేవాళ్లకు పండగే.

పాలమూరు బిడ్డ

మేడమ్, మీరన్నది కాదనను. కానీ మనుషులెక్కడున్నారు? 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. చాలా సమస్యలకు 70 శాతానికి పైగా జనం వైద్యం దాకా వెళ్లడమే లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేనే లేవు, అది వేరే బాధ. మా మండలంలో ఎంఫిల్ చేసినాయన కోసం వెతికితే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

గోవా సంగతి మీకు తెలియంది కాదు. అక్కడ ప్రైమరీ హెల్త్ సెంటర్లలో మామూలు మనుషులకు, అంతకుముందు ఈ రంగం మొహం చూడనివాళ్లకు నేర్పించి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయించారు. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. మొత్తం 495 మంది. ఆ సెషన్లు అందినవాళ్లలో 64 శాతం మంది మూడు నెలలకు కోలుకున్నారు, మామూలు వైద్యం అందినవాళ్లలో 39 శాతం. మరి వాళ్లెవరికీ ఎంఫిల్ లేదు గదా? ఫిజిక్స్ సార్‌కు ఎమ్మే అయినా ఉంది.

నిమ్మసోడా

పుస్తకాలను మరీ తీసిపారేయకండి. ఉద్యోగం పోయినప్పుడు నేను ఒక పుస్తకం ముందేసుకునే బయటపడ్డాను. రోజూ నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి, వచ్చిన ఆలోచన, దానికి రుజువు, ఇంకోలా ఎలా చూడొచ్చు అని రాసుకునేవాణ్ణి. మొదట్లో చాదస్తంగా అనిపించింది. సైకియాట్రిస్టు డేవిడ్ బర్న్స్ 1980లో రాసిన 'ఫీలింగ్ గుడ్' పుస్తకం మీద అమెరికాలో పరీక్షలు కూడా జరిగాయి. ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నవాళ్లకు చదివి, అభ్యాసాలు చేస్తే మేలు జరిగిందనే తేలింది. పుస్తకం మనిషిని బాగు చేయగలిగినప్పుడు, అది చదివిన లెక్చరర్ ఎందుకు చేయలేడు?

వార్డు కిటికీ

నిమ్మసోడా గారూ, మీ గళ్ల నోట్‌బుక్ ఎవరి మీద ప్రయోగించారు? మీ మీదే. నచ్చకపోతే మూసేశారు, మర్నాడు మళ్లీ తెరిచారు. పదహారేళ్ల పిల్లాడు లెక్చరర్ ముందు కూర్చుంటే ఆ వీలు ఉండదు. "నీ ఆలోచనకు రుజువేంటి?" అని తప్పు సమయంలో అడిగారనుకోండి, "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అన్నట్టు వినబడుతుంది వాడికి.

పాలమూరు గారూ, గోవా స్టడీ నాకు ఇష్టమైనదే. అందుకే పూర్తిగా చదవమంటున్నా. వాళ్ల చేతికి మాన్యువల్ ఇచ్చి వదిలేయలేదు. మొదట వర్క్‌షాపులు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్. అందులో నెగ్గినవాళ్లనే తీసుకున్నారు. తర్వాత కూడా వారం వారం కూర్చుని, సెషన్ల ఆడియో రికార్డింగులు విని, ఒకరికొకరు మార్కులు వేసుకున్నారు. మీరు చూపించేది డిగ్రీ లేని వైద్యం. నాకు అందులో కనబడేది విడవని పర్యవేక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఉచితంగా పెట్టిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ మాన్యువల్ కూడా అంతే. ఐదు సెషన్లు, ఎవరైనా నేర్చుకోగలిగినవే. కానీ శిక్షణ, సూపర్‌విజన్ లేకుండా వాడమని అందులో ఎక్కడా లేదు. ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమాలో ఒక్క రికార్డింగ్ అయినా ఎవరైనా వింటారా? చాక్‌పీస్ గారు సిలబస్ చూసి చెప్పాలి.

చాక్‌పీస్ పొడి

చూశాను. ఎనిమిది పేపర్లు, అన్నీ మల్టిపుల్ ఛాయిస్. చివర్లో ఒక "కేస్ స్టడీ" రాసి అప్‌లోడ్ చేయాలి. అసలు పేషెంటుతోనా, ఊహించి రాయాలా అని ఫోన్ చేసి అడిగితే "మీ ఇష్టం సార్" అన్నారు.

డల్లాస్ తెలుగు

మా టెక్సస్‌లో అయితే కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ అయ్యాక కూడా 3,000 గంటలు ఒకరి కింద పనిచేస్తేనే పూర్తి లైసెన్సు. అందులో సగం క్లయింట్ల ఎదుట కూర్చున్న గంటలే అయ్యుండాలి. ఇండియాలోనూ ఇలా పెట్టేస్తే గొడవే ఉండదు.

పాలమూరు బిడ్డ

అన్నా, అక్కడ లైసెన్సున్నాయన ఒక గంటకు తీసుకునే ఫీజు, వెయిటింగ్ లిస్టు కూడా రాస్తే లెక్క పూర్తయ్యేది.

కృష్ణలంక

మీరంతా చదువు గురించే కొట్టుకుంటున్నారు. మా అబ్బాయి రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు కాబట్టి తల్లిగా ఒక మాట. ఏ కాలేజీ అన్నది వదిలేయండి. అక్కడా కౌన్సెలింగ్ ఉండేది. చేసేది కెమిస్ట్రీ సారే. ఒక లాంగ్ నోట్‌బుక్, అందులో కాలమ్స్: పేరు, సెక్షన్, వీకెండ్ టెస్ట్ ర్యాంకు, సమస్య, సంతకం. వరసలో నిలబెట్టి రాయించేవారు. మా వాడు "సమస్య" దగ్గర "టైమ్ మేనేజ్‌మెంట్" అని రాశాడట. ముందున్నవాడు అదే రాశాడు, వాడి ముందున్నవాడూ అదే. అసలు వాడికి రెండు నెలలుగా నిద్ర లేదు. అది మాకు సంక్రాంతి సెలవుల్లో తెలిసింది.

మార్కులు వేసే మనిషి, సెక్షన్ మార్చే మనిషి, మాకు ఫోన్ చేసి "మీవాడు డల్ అవుతున్నాడు" అనే మనిషి. ఆయనకే పిల్లాడు మనసులో మాట చెప్పాలా? ఆయన నిమ్హాన్స్‌లో చదివొచ్చినా నేను ఒప్పుకోను.

వార్డు కిటికీ

ఇది నేను ముందే రాయాల్సిన పాయింటు, మీరు నాకంటే బాగా రాశారు. గోప్యత పేషెంటు హక్కని 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. వైద్యం చేసేవాళ్లు ఆ విషయాలు బయటపెట్టకూడదు. కాలేజీ నోట్‌బుక్కుకు ఆ సెక్షన్ నేరుగా వర్తిస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. పిల్లాడికి మాత్రం ఆ వాదన అక్కర్లేదు, వాడు "టైమ్ మేనేజ్‌మెంట్" అని రాసి తప్పుకుంటాడు.

చాక్‌పీస్ పొడి

కృష్ణలంక అమ్మా, మీరన్నది నిజం. కానీ పిల్లలు నా దగ్గరికి రావడం నేను ఆపలేను కదా. రాత్రి స్టడీ అవర్ అయ్యాక, డౌట్ అడిగే నెపంతో పుస్తకం పట్టుకొచ్చి పక్కన నిలబడతారు. లెక్క అయిపోయినా పోరు. వాళ్లలో ఒకడు రేపు "బతకాలని లేదు సార్" అంటే? కౌన్సెలర్‌ని కాను, వెళ్లిపో అనాలా?

వార్డు కిటికీ

అస్సలు అనకూడదు. సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని స్టాఫ్‌రూముల్లో ఒక భయం ఉంది. అది నిజం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ఒంటరిగా వదలకండి, ఆ రాత్రి పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. "ప్రాణం విషయం కాబట్టి అమ్మానాన్నలకు చెప్పాలి, ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అనండి. 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, అక్కడే ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఫోన్లతో కాలయాపన వద్దు, ఆసుపత్రికే.

ఇది థెరపీ కాదు, ప్రథమ చికిత్స. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ శిక్షణ ఇవ్వాలని మీరు మొదట చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. మీ ప్రిన్సిపాల్ ఆ పేరా చదవలేదేమో. మీరు అక్కడ ఉండండి, బాగా ఉండండి. బెక్ మాన్యువల్ తెరిచి డిప్రెషన్‌కు వైద్యం మొదలుపెట్టకండి.

చాక్‌పీస్ పొడి

సరే. మేనేజ్‌మెంటుకు లెటర్ రాస్తున్నాను. కౌన్సెలర్ అన్నచోట నా పేరు తీసేయాలి. వారానికి ఒక పూటైనా బయటి నుంచి సైకాలజిస్టును పిలవాలి. పిల్లలు వచ్చే గది ప్రిన్సిపాల్ రూమ్ పక్కన ఉండకూడదు, ర్యాంకుల కాలమ్ ఉన్న నోట్‌బుక్ ఉండకూడదు. నేను ప్రథమ చికిత్స నేర్చుకుంటాను, ఆ సైకాలజిస్టు కిందే. డిప్లొమా డబ్బులు ఆవిడ ఫీజుకు వాడమంటున్నాను.

పాలమూరు బిడ్డ

లెటర్ బాగుంది సార్. కానీ జరిగేది చెప్పనా? మీ పేరు తీసేసి పీటీ సార్ పేరు పెడతారు. ఆయనకు ఎమ్మే కూడా లేదు. అందుకే మీరే ఉండి, నేర్చుకుంటూ చేయండి అంటున్నా.

వార్డు కిటికీ

పీటీ సార్‌ను పెడతారన్న భయంతో ఫిజిక్స్ సార్‌ను ఒప్పుకోవాలా? నేను ఒప్పుకోను. కాకపోతే ఒకటి, మీ జిల్లాలో ఎవరూ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో నెలకు రెండుసార్లు సూపర్‌విజన్‌కు నేను సిద్ధం. మెసేజ్ పెట్టండి.

కృష్ణలంక

చాక్‌పీస్ గారూ, ఆ లెటర్ కాపీ ఇక్కడ పెట్టగలరా? మా చిన్నవాణ్ణి వచ్చే ఏడాది చేర్చాలి. అడ్మిషన్ అప్పుడే ఆ పాయింట్లు ఒక్కొక్కటిగా అడుగుతాను.