ఫినాస్టెరైడ్ మొదలుపెట్టాలా, కొత్త మందుల కోసం ఆగాలా?

మా తమ్ముడికి నడినెత్తి మీద జుట్టు బాగా పలచబడింది. డాక్టరుగారు చూసి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలేనని తేల్చారు. జుట్టు పెరగడానికి వాడే 5 శాతం మినాక్సిడిల్ మందును తలకు రాస్తున్నాడు. మొదట్లో ఇంకా ఎక్కువ రాలి హడలిపోయాడు గానీ, అది మామూలేనట. ఇప్పుడు రాలడం తగ్గింది, కొత్తగా మాత్రం పెద్దగా మొలవలేదు.

ఇప్పుడు రోజుకు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర వేసుకోమంటున్నారు. టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారడాన్ని అది తగ్గిస్తుందని, కుదుళ్లను కుంచించేది ఆ డీహెచ్‌టీయేనని చెప్పారు. లైంగిక సమస్యలు, దిగులు రావచ్చని చదివి వాడు భయపడుతున్నాడు. వాడినవాళ్లు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి: అలాంటివి వచ్చాయా? మందు ఆపాక తగ్గాయా? తలకు రాసుకునే ఫినాస్టెరైడ్ ఎవరైనా వాడారా?

ఇంకొకటి. జుట్టు రాలడానికి బారిసిటినిబ్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చిందని తెలిసి వాడు ఎంతో ఆశపడ్డాడు. కానీ అది తీవ్రమైన పేనుకొరుకుడుకు, అంటే రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేసే జబ్బుకు. వాడిది అది కాదు. మరి వాడిలాంటివాళ్ల కోసం కుదుళ్లలోని మూలకణాలను మేల్కొలిపే మందులు, ప్రయోగశాలలో కుదుళ్లను పెంచే పద్ధతులు ఎంతవరకు వచ్చాయి? ఈ పరిశోధనల్లో ఉన్నవాళ్లెవరైనా చెప్పగలరా? వాటికోసం ఆగితే ఈలోపు ఉన్న కుదుళ్లు కూడా పోతాయేమోనని నా బెంగ. పూర్తిగా పోయినచోట మినాక్సిడిల్ కూడా ఏమీ చేయలేదు కదా. మీరైతే ఏం చేస్తారు?