చనిపోయినా అప్పు తీరని లోకంలో కాలదోషం ఎలా లెక్కించాలి?
తిరుపతి నేపథ్యంగా ఒక ఊహాలోక కథ రాస్తున్నాను. అక్కడ చావు అప్పును రద్దు చేయదు. చనిపోయిన మామిడి రైతు షావుకారు అరుగు ముందు నిలబడి, ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపును అడ్డంగా దాటిన తన సంతకాన్నే చూస్తుంటాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు. కుబేరుడి బాకీకి కలియుగాంతం వరకు వడ్డీ కడుతున్నాడని శ్రీనివాసుడి గురించి చెప్పుకునే ఊళ్లో ఇది నమ్మదగిన కథే అనుకుంటున్నాను.

చిక్కంతా చట్టంతోనే. మన లోకంలో ప్రోనోటుకు మూడేళ్ల కాలదోషం ఉంది, అంటే ఆ గడువు దాటితే బాకీ వసూలుకు దావా చెల్లదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత సూత్రం కూడా 2005 హిందూ వారసత్వ సవరణ తరువాత చేసిన అప్పులకు చెల్లదు. మరి మృతుడే బాకీదారైతే గడువు ఎప్పుడు ముగియాలి? ఆస్తి వారసులకు పోయాక అతను శ్రమతో కట్టాలా, పుణ్యంతోనా? దివాలా హక్కు ఇస్తే కథలో బిగువు పోతుందేమో! న్యాయశాస్త్రం, పురాణాలు తెలిసినవారు దయచేసి చెప్పండి.