ఓవర్‌రైడ్‌కు "భర్తీ" సరిపోతుందా?

అక్షరాల అరుగు:
మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కనెక్టయ్యే క్లయింటు ప్రోగ్రాము తన సెట్టింగుల ఫైళ్లను ఎక్కడెక్కడ వెతుక్కుంటుందో చెప్పే పేజీ తెలుగు చేస్తున్నాం. "తరువాత చదివిన ఫైలు ముందరి ఫైలును భర్తీ చేస్తుంది" అన్న వాక్యం దగ్గర పేచీ వచ్చింది. మూలంలో ఉన్నది ఓవర్‌రైడ్, అంటే ముందు చెప్పినదాన్ని కాదని తర్వాతిది చెల్లడం. "భర్తీ" కుదురుతుందా?

టెర్మినల్ తాత:
కుదరదండీ. భర్తీ అంటే ఖాళీ నింపడం. ఉద్యోగాలు భర్తీ చేస్తారు. ఇక్కడ ఖాళీ ఏదీ లేదు. పైగా మీ వాక్యం చదివినవాళ్లు మొదటి ఫైలు మొత్తం చెత్తబుట్టలో పడిందనుకుంటారు. జరిగేది వేరు. లినక్స్‌లో ముందు మిషను మొత్తానికీ వర్తించే /ఈటీసీ/మై.సీఎన్‌ఎఫ్, తర్వాత /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మై.సీఎన్‌ఎఫ్, ఆ తర్వాత యూజరు సొంత ఫోల్డరైన హోమ్‌లో చుక్కతో మొదలయ్యే .మై.సీఎన్‌ఎఫ్. ఉన్నవన్నీ చదువుతుంది. (అసలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు.)

ఈటీసీ ఫైల్లో హోస్టు (సర్వరు చిరునామా) 10.0.0.5, పోర్టు (ఆ సర్వరులో తట్టాల్సిన తలుపు నంబరు) 3306 అని ఉంది, హోమ్ ఫైల్లో పోర్టు 3307 ఒక్కటే ఉంది అనుకోండి. క్లయింటు 10.0.0.5కే వెళ్తుంది, 3307 తలుపు తడుతుంది. పేరు కలిసిన చోటే పాత మాట పోతుంది, మిగతావి నిలుస్తాయి. నా ఓటు "తోసిరాజను"కు. "అభ్యంతరాలను తోసిరాజని" అని పత్రికల్లో చూస్తూనే ఉంటాం.

పెరటి మల్లి:
తాతగారూ, మాట బాగుంది గానీ వాక్యంలో పెట్టి చూడండి: "హోమ్ ఫైలు ఈటీసీ ఫైలును తోసిరాజంటుంది". మళ్లీ ఫైలు మొత్తమే పోయినట్టుంది. "చివరి మాట చెల్లుతుంది" అంటే పోలా? ఒక్క జాగ్రత్త. దాన్ని పదకోశంలోకి ఎక్కించి పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ పేజీలో వాడితే తప్పవుతుంది. దాని పాస్‌వర్డులు రాసుకునే .పీజీపాస్ ఫైల్లో పైనుంచి వస్తూ మొదట కుదిరిన వరుసతోనే ఆగిపోతుంది. అన్నీ నక్షత్రాలు (ఏదైనా సరే అని అర్థం) పెట్టిన వరుస పైన ఉంటే దాని కింద రాసినవి దండగ. అక్కడ చెల్లేది మొదటి మాట.

అక్షరాల అరుగు:
అర్థమైంది. ఇంకో సెట్టింగుల ఫైలును కూడా చదవమనే --డిఫాల్ట్స్-ఎక్స్‌ట్రా-ఫైల్ ఆప్షన్ వివరణలో "అదనపు అప్రమేయ ఫైలు" అని రాశాం. అది?

టెర్మినల్ తాత:
అప్రమేయుడు విష్ణు సహస్రనామంలో ఉన్నాడు, కొలతకు అందనివాడని. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ పోర్టు 3306 అంత మహిమ గలదా? వికీపీడియాలో వాడుతున్నారు, తెలుసు. అయినా డిఫాల్ట్ అనే రాయండి, అందరికీ తెలుస్తుంది.

అసలు చిక్కు "అదనపు" దగ్గరుంది. ఆ ఫైలును ఈటీసీ ఫైళ్ల తర్వాత, హోమ్ ఫైలుకు ముందు చదువుతుంది. అంటే చేత్తో పట్టుకొచ్చి ఇచ్చిన ఫైలు కూడా హోమ్ ఫైలు ముందు ఓడిపోతుంది. ఆ సంగతి వివరణలోనే ఉండాలి. ఆ ఒక్క ఫైలే చదవాలంటే --డిఫాల్ట్స్-ఫైల్. రెంటిలో ఏది ఇచ్చినా కమాండు పేరు పక్కనే, మొదటి ఆప్షన్‌గా ఇవ్వాలి. మధ్యలో ఇస్తే "అన్‌నోన్ వేరియబుల్" అని తిడుతుంది. --డిఫాల్ట్స్-ఫైల్ ఇచ్చినా లాగిన్ వివరాలు దాచే .మైలాగిన్.సీఎన్‌ఎఫ్ మాత్రం చదువుతుంది. మామూలప్పుడు దాని వంతు హోమ్ ఫైలు తర్వాత. పాస్‌వర్డు మార్చినా పాతదే వెళ్తోందంటే ముందు అక్కడ చూడాలి.

పెరటి మల్లి:
అదే పేజీలో "ప్రపంచ-వ్రాయదగిన ఫైలు విస్మరించబడింది" అని కూడా కనబడింది. ఇక్కడ వరల్డ్ అంటే ప్రపంచం కాదండీ. యూనిక్స్ అనుమతుల్లో ఓనరు, గ్రూపు పోగా మిగిలిన యూజర్లందరూ. "ఎవరైనా రాయగలిగేలా ఉంది కాబట్టి ఈ ఫైలు చదవలేదు" అంటే సరిపోతుంది. అందరికీ రాసే హక్కిచ్చే 666, 777 అనుమతులు పెట్టిన ఫైళ్లకు ఈ గతి పడుతుంది. 644 ఉంటే మైఎస్‌క్యూఎల్ ఊరుకుంటుంది, కానీ లోపలి పాస్‌వర్డు అందరూ చదవగలరు. ఓనరు తప్ప మిగతా యూజర్లు చదవలేని 600 పెట్టమని రాయండి. .పీజీపాస్‌కు అయితే 600 గానీ అంతకంటే కట్టుదిట్టమైనది గానీ తప్పనిసరి. గ్రూపుకు చదివే హక్కు ఉన్నా లినక్స్‌లో దాన్ని పక్కన పెట్టేస్తుంది.

"గ్రూప్" కూడా చూసుకోండి. ఫైల్లో బ్రాకెట్ల మధ్య రాసే [క్లయింట్], [మైఎస్‌క్యూఎల్] లాంటివాటినీ గ్రూపులనే అంటారు. అనుమతుల గ్రూపుతో కలగాపులగం కాకుండా వీటిని "విభాగం" అనండి. [క్లయింట్]లో రాసింది బ్యాకప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కూడా చదువుతుంది. అక్కడ డేటాబేస్ పేరు పెడితే దానికి ఆ ఆప్షన్ తెలియక బ్యాకప్ ఆగిపోతుంది. ఆ వరుస [మైఎస్‌క్యూఎల్] విభాగంలో ఉండాలి.

అక్షరాల అరుగు:
వాక్యం ఇలా మార్చాం: "ఉన్న ఫైళ్లన్నీ ఈ వరుసలో చదువుతుంది. ఒకే సెట్టింగు రెండు చోట్ల ఉంటే చివర చదివినది చెల్లుతుంది."

టెర్మినల్ తాత:
బాగుంది. కమాండు లైన్లో టైపు చేసినది ఫైళ్లన్నిటి తర్వాత లెక్కకొస్తుంది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (సిస్టంలో ముందే పెట్టి ఉంచిన విలువలు) అన్నిటికంటే ముందు. ఆ రెండు ముక్కలూ చేర్చండి. --ప్రింట్-డిఫాల్ట్స్ కొడితే చివరికి ఏమేం పోగయ్యాయో చూపిస్తుందని కూడా కింద ఒక వరుస వేయండి.